ముందు తీసే పిడికెడు

అప్పకు నీ చెల్లెలు పార్వతి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? బావ దగ్గు ఎలా ఉంది? ఫోనులో అడిగితే అందరూ బాగున్నామనే అంటారు, నాకు నమ్మకం కలగదు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ ఒకటే ఉక్క. మన సూరి తెల్లారకముందే మునిసిపాలిటీ కాలువల పనికి పోతాడు. వాడికి ఏమవుతుందోనని రోజూ భయమే. నేను భవానీపూర్‌లో మన తెలుగువాళ్లే, బ్యాంకు ఆఫీసరుగారింట్లో వంటకు కుదిరానని చెప్పాను కదా. ఆ పని పోతుందేమోనని నాలుగు రోజులు నిద్ర లేదప్పా.

అమ్మ మనకు నేర్పింది గుర్తుందా? ఎసట్లో బియ్యం పొయ్యకముందు పిడికెడు తీసి పక్కన పెట్టాలి, గుమ్మంలోకి వచ్చినవాళ్లకు పెట్టాలి. ఇక్కడ మా ఇంట్లో తీసినది ఎదురింటి మాలతికి ఇస్తాను. ఆమె మొగుడు రిక్షా తొక్కేవాడు, నడుం విరిగి మంచాన పడ్డాడు. ఆఫీసరుగారింట్లో కూడా నా చెయ్యి ఊరుకోలేదు. ఎవరినీ అడక్కుండా తీసి, ఒక పాత బిస్కెట్ డబ్బాలో వేశాను. వాళ్లది మూడో అంతస్తు, కింద కాపలాకు దర్వాను. అడుక్కునేవాళ్లు అంత పైకి ఎలా వస్తారు? నెల తిరిగేసరికి డబ్బా నిండిపోయింది.

అది అమ్మగారి కంట పడింది. ఎవరి కోసం దాచారని అడిగారు.

"నానేటీ ఇంటికి పట్టుకెల్నేదమ్మా. సెయ్యి అలవాటుగా తీసేసింది" అన్నాను.

ఆమె కసరలేదు. మిగిలిన అన్నం రోజూ మీకే ఇస్తున్నాం కదా, ఇది కూడా ఎందుకని మాత్రం అన్నారు. మిగిలింది పెట్టడం వేరు, ముందు తీసి పెట్టడం వేరు అని చెప్పాలనుకున్నాను. పొయ్యి వైపు తిరిగి కూర కలిపాను.

ఇంటికొచ్చి చెబితే సూరి నవ్వాడు. "ఇంకొకల బియ్యంతో నీకు పున్నెవేటే అమ్మా?" అన్నాడు. వాడన్నది నిజమే. కానీ మా గ్లాసుడు బియ్యంలోంచి తీసినా, వాళ్ల బస్తాలోంచి తీసినా పిడికెడు పిడికెడే కదా. తగ్గినట్టు మాకు తెలుస్తుంది, వాళ్లకు తెలియదు. తెలియనివాళ్లు ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. ఆకలిగా ఉన్న మాలతి ఎవరి బియ్యమని అడుగుతుందా?

తరవాత నాలుగు రోజులూ ఆ ఇంట్లో తియ్యలేదు. డబ్బా దగ్గరకు పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏదో తప్పు చేసినట్టే ఉండేది. అయిదో రోజు అమ్మగారే వంటింట్లోకి వచ్చి, ఆ బియ్యం ఎవరికి పెడదామనుకున్నారని అడిగారు. మాలతి సంగతి చెప్పాను. ఆమె బియ్యంలో చెయ్యి పెట్టారు.

"ఎంత తియ్యాలి?"

పిడికిలి చూపించాను.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా. కానీ రోజూ తియ్యాల."

ఇప్పటికి పదకొండు రోజులు తీశారు, అవి మాలతికి చేరుస్తున్నాను. పన్నెండో రోజు మరిచిపోతారేమోనని నాకు దిగులు. నేను గుర్తు చెయ్యొచ్చా, చెయ్యకూడదా? పున్నెం ఎవరిదన్నది నాకు అక్కర్లేదు గానీ, అడక్కుండా తీసిన ఆ నెల నా తప్పో కాదో నువ్వే చెప్పాలి.

ఎవరైనా ఇటొస్తే కాస్త చింతపండు పంపు. బావకు నా దండాలు. పిల్లలను నా బదులు నువ్వే దగ్గరకు తీసుకో. సూరిని చల్లగా ఉండమని దీవించు.

నీ మాట కోసం చూసే చెల్లెలు,
పార్వతి