మూడు మిల్లీమీటర్ల తేడా

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. నీకు జలుబు చేసిందన్నావు, ఈపాటికి తగ్గి నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఫోన్ చేయక ఉత్తరమెందుకంటావేమో. ఫోన్ అయితే రెండు మాటలు కాగానే మీ అమ్మ లాక్కుంటుంది. పైగా ఈసారి చెప్పాల్సింది నీ గొంతు వింటూ చెప్పగలిగేది కాదు.

అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నయం. కొన్నాళ్ళు కుట్టుమిషన్ జోలికి వెళ్ళొద్దని డాక్టరు చెప్తే, స్టూలు ఎత్తు పెంచుకుని మరీ కూర్చుంటోంది. ఒకరు చెప్తే వినే మనిషైతే నన్నెందుకు చేసుకుంటుంది? పై వాటా వాళ్ళ కుళాయి రాత్రింబవళ్ళు కారుతూనే ఉంది. వెళ్ళి వాషర్ మార్చి వచ్చాను. థాంక్స్ కూడా చెప్పలేదు, పోనీలే.

ఇక నువ్వు అడిగినవి. నేను ఇంట్లో బిగించుకున్న చెక్క కోసే మెషీనుకి మోటార్లు వేడెక్కుతున్నాయా అన్నావు. గంటసేపు నడిపి చెయ్యి వేసి చూశాను, వెచ్చగా ఉన్నాయంతే, చుర్రుమనడం లేదు. వాటిని నడిపే డ్రైవర్ బోర్డుల మీది చిన్న స్విచ్చులు నువ్వు గీసి పంపిన బొమ్మ ప్రకారమే ఉన్నాయి, కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి కూడా చూశాను. కరెంటు తీగలూ సిగ్నల్ తీగలూ కలవకుండా వేరువేరుగా లాగాను. కొలత తగ్గడం ఒక్కోసారి ఒక్కోలా ఉందా, ఎప్పుడూ ఒకేలా ఉందా అని అడిగావు చూడు, దానికి జవాబు కాసేపాగి రాస్తాను.

ఈ మోటార్ల కోసం మనమిద్దరం ఎన్ని ఉత్తరాలు తగలేశామో గుర్తుందా? ఇనుము పోతపోసే ఫౌండ్రీకి చెక్క నమూనాలు చెక్కి చెక్కి నా భుజం అరిగిపోయింది, గుండ్రటి పనులన్నా మెషీన్ చేత చేయించుకుందామని నా ఆశ. పాతసామాన్ల షాపతను జిరాక్స్ మిషన్లలోంచి పీకిన మోటార్లు దోసెడు చూపించి దాదాపు ఊరికే ఇస్తానంటే నాకు నోరూరింది. అవి కాగితం లాగే మోటార్లు నాన్నా, చెక్కను కోసే కట్టరును ఈడ్చలేవు అని రాశావు. అయితే ఖరీదైన సర్వో మోటార్లే కొనేద్దామన్నాను, ఆ పేరు విన్న రెండో రోజే. మన పనికి అంత ఖర్చు దండగ, అడుగడుగుగా లెక్కపెట్టి తిరిగే మధ్యరకం స్టెప్పర్ మోటార్లు మూడు ఒకే రకానివి తీసుకో, మిగిలింది మంచి డ్రైవర్ల మీదా గట్టి పవర్ సప్లై మీదా పెట్టు అన్నావు. ఎంత పెద్ద మోటారైనా తిండి సరిగ్గా పెట్టకపోతే వేగం పెంచగానే చతికిలబడుతుందట. స్క్రూలూ పట్టాలూ మాత్రం పాతవి కొనుక్కోమని దయతలిచావు. నీ చీటీ పట్టుకుని నాలుగు కొట్లు తిరిగాను. ఒకడు ఇంకా పెద్దవి అంటగట్టబోతే, మా అమ్మాయి రాసినవే ఇవ్వవయ్యా అన్నాను. అలా అనడం నాకు ఎంత బాగుందో నీకు తెలియదు.

ఆ తర్వాత నేను చేసిన నిర్వాకం నీకు తెలుసు. మెషీన్ బిగించి మూడొందల మిల్లీమీటర్లు పొమ్మంటే, నా కొలతకి రెండొందల తొంభై ఏడు దగ్గరే ఆగింది. మోటార్లు అడుగులు తప్పుతున్నాయని తీర్మానించేశాను. మా అమ్మాయి చవక సరుకు ఎంచి నా కొంప ముంచిందని ఫౌండ్రీలో మీసాల ఫోర్మన్ దగ్గరా మిగతావాళ్ళ దగ్గరా నవ్వుతూ అన్నాను. నీకు మాత్రం నవ్వకుండా రాశాను. పుస్తకాల్లో చదవడం వేరు, పని వేరు, ఇకమీదట ఎవరికీ సలహాలివ్వకు అని.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. ఎప్పుడూ ఒకేలా తగ్గుతోంది. వంద పొమ్మంటే ఒకటి, మూడొందలు పొమ్మంటే మూడు. వెనక్కి రమ్మంటే బయల్దేరిన చుక్క మీదికే వచ్చి ఆగుతుంది. అడుగులు తప్పే మోటారు అంత బుద్ధిగా తప్పదని నాకు తట్టి ఉండాల్సింది.

అమ్మ తన గుండీల పెట్టెకి మూత కావాలంది. తనే టేపుతో కొలిచి మూడొందలని చెప్పింది. మెషీన్ మీద కోసి, కొలిచి, ఇదిగో మళ్ళీ మూడు తక్కువని విసుక్కుని పలకని చెత్తబుట్టలో పడేశాను. అమ్మ దాన్ని తీసి, దులిపి, పెట్టె మీద పెట్టింది. అతికినట్టు సరిపోయింది.

"దేంతో కొలిచారు?" అంది. నా స్కేలు చూపించాను.

"ఇది మీ పోతపని స్కేలు కదండీ. పెళ్ళయిన కొత్తలో దీంతో బట్ట కొలిచానని నన్ను నానా మాటలూ అన్నారు, మర్చిపోయారా?"

కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది, అందుకే నమూనా ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. దానికోసమని మా స్కేలు మీద గీతలు వందకొక మిల్లీమీటరు చొప్పున ఎడంగా ఉంటాయి, అసలైన మూడొందలు దాని మీద రెండొందల తొంభై ఏడుగానే కనిపిస్తాయి. ముప్పై ఎనిమిదేళ్ళుగా నా చేతిలో ఉన్నది అదే, లోకంలో ఇంకో స్కేలు ఉంటుందన్న ధ్యాసే పోయింది. మామూలు స్కేలు తెచ్చి కొలిస్తే మూడొందలకి మూడొందలు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇది జరిగి పద్దెనిమిది రోజులైంది తల్లీ. అసలు నేను దాచింది ఇదే. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ గడిపాను. కొలతలతోనే బతికినవాడు ఒక స్కేలుకి బదులు ఇంకోటి పట్టుకున్నాడని కూతురికి ఏ మొహంతో రాయను? నిన్న నీ ఉత్తరం వచ్చింది. సొంత నాన్న మెషీనుకే మోటార్లు ఎంచలేకపోయాను, ఊళ్ళోవాళ్ళ మెషీన్లకి ఏం ఎంచుతాను, మెషీన్ల కంపెనీవాళ్ళు ఇస్తామన్న ఆ ఉద్యోగం వద్దని నెలాఖరుకి రాసేస్తాను అన్నావు. అమ్మ చదివి, మీరు రాస్తారా నన్ను రాయమంటారా అంది. అన్నం సయించలేదు. నా సిగ్గు దాచుకోవడానికి నిన్ను పద్దెనిమిది రోజులు కుమిలిపోనిచ్చాను. నన్ను క్షమించు.

ఈ పొద్దున ఫౌండ్రీకి వెళ్ళి అందరి ముందూ జరిగింది చెప్పాను. మీసాలాయన కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వనీ. ఆ స్కేలు పట్టుకుని పుట్టినవాణ్ణి నేనే ఇలా చేశానంటే వాళ్ళకి ఏడాదికి సరిపడా కాలక్షేపం.

ఆ ఉద్యోగం నీకు నచ్చక వద్దంటే నేనేమీ అనను. నా మాట పట్టుకుని మాత్రం వద్దనకు. ఈ ఉత్తరంతోపాటు ఇంకో కాగితం పెట్టాను, అది నీకు కాదు, ఆ ఆఫీసు వాళ్ళకి. నువ్వు ఇంతవరకు ఏ మెషీనుకి మోటార్లు ఎంచావని వాళ్ళు అడిగితే ఇవ్వు. నాలుగుసార్లు రాసి చింపి, చివరికి రెండు వాక్యాలే ఉంచి కింద సంతకం పెట్టాను. ఈ మెషీనుకి మోటార్లు మా అమ్మాయి ఎంచింది. తప్పు కొలిచింది నేను.

ఇట్లు,
నీ రాక కోసం, అంతకన్నా ముందు నీ జవాబు కోసం చూసే
నాన్న