ముసుగు వెనక ఎవరో నాకనవసరం

జూన్ 3, సోమవారం

ఇవాళ్టి నుంచి బంద్! శుక్రవారం శుక్రవారం ఫోనులో వచ్చే ఆ బొమ్మల కథ చదువుతాను. చదివి ఫోను పక్కన పెడతాను. అంతే. ముసుగు మనిషి ఎవరు, కోటకి నిప్పెవరు పెట్టారు అని పాఠకుల గ్రూపులో ఒక్క ముక్క రాయను. కథ పూర్తయ్యేదాకా.

కారణం: నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాను. శనివారం ఒక చేత్తో గ్రూపులో వాదిస్తూ, ఒక టైలరు గారి ఎడమ అద్దం కుడి వైపు బిగించాను. ఆయన ఇవాళ పొద్దున్నే వచ్చాడు. "అమ్మా, సూది పక్కన ఇంకో సూది కనిపిస్తోంది. దేంట్లో దారం ఎక్కించను?"

ఓనరమ్మ అరవలేదు. అదే భయం. "ఇంకోసారి జరిగితే మిషను దగ్గర్నుంచి లేపేస్తా. కౌంటర్లో కూర్చుని డబ్బాలు తుడుచుకుందువు గాని" అంది.

పదకొండేళ్ళుగా ఆ మిషను నాది. ఒట్టు.

జూన్ 4, మంగళవారం

పద్నాలుగు జతలు. ఒక్క తప్పు లేదు! మనసు ఎంత తేలిగ్గా ఉందో. జనం ఇలాంటి వాటికి బానిసలెలా అవుతారో!

గ్రూపులో 212 మెసేజీలు. తెరవలేదు. అంకె మాత్రం చూశాను.

జూన్ 5, బుధవారం

తెరిచాను. చదవడం వేరు, రాయడం వేరు. గుడ్లగూబ (గ్రూపులో నా ఆజన్మ శత్రువు, అసలు పేరు తెలీదు) "అక్క ఎక్కడ? వాదనలు అయిపోయాయా?" అని రాసింది.

అయిపోయాయా?!

రాయలేదు. మంచినీళ్ళు తాగాను. మళ్ళీ తాగాను.

జూన్ 7, శుక్రవారం

కొత్త భాగం వచ్చింది. సేనాపతి గుర్రం తోక తెలుపు! మొన్నటిదాకా నలుపు! ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం 7.15: అన్నాల దగ్గర "గుర్రం తోక..." అన్నానో లేదో, మావారు చెయ్యి అడ్డం పెట్టేశారు. "రాయకూడదని నీ ఒట్టు. వినకూడదని నా ఒట్టు."

కక్కలేక మింగలేక కూర్చున్నాను. అప్పుడు కిటికీ దగ్గర కుర్చీలోంచి ఒక గొంతు.

"ఏ గుర్రం?"

మా మామయ్య! భూములు కొలిచే ఉద్యోగం నుంచి రిటైరై మూడు నెలలు. అప్పట్నుంచి అటు తిరిగి కూర్చోవడమే. "ఊ", "వద్దు", "చాలు". ఆ మూడు మాటలే. నేనూ మావారూ ముఖాలు చూసుకున్నాం.

మావారు మెల్లిగా నా కాలు తొక్కారు. "చెప్పు, చెప్పు!"

జూన్ 8, శనివారం

పెద్దాయన అడిగితే కథ చెప్పడం ఊహాగానం కాదు. కోడలి ధర్మం.

మొదటి భాగం నుంచి ఫోనులో పెట్టిచ్చాను. అక్షరాలు పెద్దవి చేశాను. ఎనిమిది భాగాలు చదివారు. "ఈ మంత్రి మాట తీరు నాకు నచ్చలేదు" అన్నారు. ఆరే మాటలు గానీ, ఎంతైనా వాక్యం వాక్యమే!

జూన్ 12, బుధవారం

టిఫిన్ చేస్తుండగా మామయ్య ఫోను నా ముఖం మీదికి తెచ్చారు. తెరమీద రాజ్యం పటం. మంత్రి స్వయంగా రాకుమారికి ఇచ్చినది.

"అమ్మాయ్, ఈ నది చూడు. ఎటు పారుతోంది?"

"కొండల వైపు, మామయ్యా."

"ముప్ఫై ఎనిమిదేళ్ళు నేల కొలిచాను. నీళ్ళు ఎత్తుకి ఎక్కడం చూళ్ళేదు. ఇది గీసినవాడికి పని రాకపోవాలి, లేదా కావాలని దొంగ పటం గీసుండాలి."

నా చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. దొంగ పటం! అంటే ఈ పటం నమ్ముకుని సైన్యం వెళ్ళేది ఊబిలోకి! అంటే మంత్రే ముసుగు మనిషి!

రెండు వందల మంది రెండేళ్ళుగా కొట్టుకు చస్తున్నాం. ఒక్కరం నది వైపు చూళ్ళేదు.

జూన్ 13, గురువారం

గుడ్లగూబ కొత్త సిద్ధాంతం: ముసుగు మనిషి రాణి గారి కవల చెల్లెలట. కవలలు! ఏమీ తోచకపోతే కవలలు!

టైపు చేశాను. చెరిపేశాను. ఇంటికి ఫోను చేశాను.

"రాయనని ఒట్టేసుకున్నా మామయ్యా."

"నీ ఊహ రాయనని కదా ఒట్టు? ఇది నా ఊహ. నువ్వు ఉత్త గుమాస్తావి. రాసిచ్చెయ్."

చట్టం తెలిసిన మనిషి. మధ్యాహ్నం 1.10కి పెట్టేశాను.

2.00: 340 జవాబులు! ఆయనకి అప్పుడే "పటం తాతగారు" అని పేరు పెట్టేశారు. అందరూ వంగి దణ్ణాలు. గుడ్లగూబ మౌనం. ఆహా!

సాయంత్రం వెళ్ళేసరికి మామయ్య గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఇంకా ఏమంటున్నారు?"

జూన్ 14, శుక్రవారం

కొత్త భాగం. చివర్లో బొమ్మలు గీసే ఆయన చిన్న గమనిక పెట్టాడు.

"పటంలో నది పొరపాటున తిరగేసి గీశాను. సరిదిద్దాను. చెప్పిన పాఠకులకి కృతజ్ఞతలు."

అంతే. మంత్రి లేడు, ఊబి లేదు.

మామయ్య రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీశారు. వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నారు.

"అన్నం, మామయ్యా?"

"వద్దు."

జూన్ 15, శనివారం

గ్రూపులో నవ్వులే నవ్వులు. "తాతగారి నది సముద్రంలో కలిసింది." నన్నేమన్నా పడతాను. ఆయన్ని అంటే?

11.20: మిషను పక్కన నిలబడి, ఒక్కొక్కరికీ బుద్ధి చెబుతున్నాను.

11.45: టక్. రంగుటద్దం ముక్కలు. ఫ్రేముకి కాక డబ్బాకి కొలత తీశానట.

12.00: కౌంటర్. మెత్తటి గుడ్డ. డబ్బాలు తుడుస్తున్నాను. ఓనరమ్మ వెళ్తూ వెళ్తూ "ఆరంభశూరత్వం" అంది. గట్టిగా కూడా అనలేదు.

జూన్ 17, సోమవారం

నిన్నంతా ఆయన మాట్లాడలేదు. డబ్బాలు తుడవడం కన్నా అదే నాకు బరువు. అనవసరంగా ఈ గొడవలోకి లాగాను పెద్దాయన్ని.

సాయంత్రం ధైర్యం చేసి పక్కన కూర్చున్నాను. "నా వల్లే మామయ్యా. గ్రూపులో పెట్టకుండా ఉండాల్సింది."

"అది కాదమ్మా." కళ్ళజోడు తీసి తుడిచారు. "మా ఆఫీసులో ఎన్ని తప్పు పటాలు పట్టుకున్నానో! ఒక్కడంటే ఒక్కడు 'పొరపాటు నాది' అన్లేదు. పోరాడి పోరాడి బయటికొచ్చాను. ఇతనెవరో, ముఖం తెలీదు. మర్నాడే ఒప్పుకున్నాడు. మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నా."

తన ఫోను నా చేతికిచ్చారు.

"ఆ గ్రూపులో నన్నూ చేర్చు" అన్నారు.

జూన్ 19, బుధవారం

ఘోరం! ఇంట్లో శత్రువు! మామయ్య, గుడ్లగూబ ఒక్కటైపోయారు. "కవలలే అమ్మాయ్. ముసుగు మనిషివీ రాణివీ పాదముద్రల కొలత చూశాను, అంగుళం తేడా లేదు" అట! నా మీద గ్రూపులో అందరి ముందూ నాలుగు పేరాలు రాశారు. మావారు వంటింట్లో ఒక్కరే నవ్వుకుంటున్నారు.

జూన్ 20, గురువారం

ఓనరమ్మ మిషను తిరిగిచ్చింది. షరతు: పది నుంచి అయిదున్నర దాకా నా ఫోను ఆవిడ దగ్గర.

కాబట్టి కొత్త ఒట్టు. ఈసారి గట్టిది. ముసుగు వెనక ఎవరున్నా నాకనవసరం. ఒక్క అక్షరం రాయను.

రేపే మొదటి రోజు.

ఎందుకంటే ఇవాళ అయిదున్నరకి మామయ్యకి జవాబు రాయాలి. నాలుగు పేరాలు రాసిన పెద్దమనిషికి బదులివ్వకపోతే మర్యాదగా ఉండదు.