సీసాలో సముద్రం

దిల్‌సుఖ్‌నగర్

అత్తమ్మకు దండాలు. మేమిద్దరం క్షేమం. ఫోన్లో మీకు సరిగా వినబడదు కాబట్టి కార్డు రాస్తున్నాను, మా పెద్దది పల్లవితో చదివించుకోండి.

ఆదివారం తెల్లవారుజామున మీ దగ్గరికనే బయలుదేరాం. ఎల్బీనగర్‌లో మన ఊరి బస్సు కోసం నిలబడితే ముందు బాపట్ల బస్సు వచ్చింది. మీ కొడుకు "సముద్రం చూసొద్దామా?" అన్నారు. పిల్లలు మీ దగ్గర ఉన్నారన్న ధైర్యంతో ఎక్కేశాను. పెళ్ళయ్యాక మేమిద్దరమే ఒక పూట ఎక్కడికైనా పోవడం ఇదే మొదలు. అది మీ చలవే అత్తమ్మా.

ఇన్నేళ్ళు నీళ్ళ ట్యాంకర్ నడిపిన మనిషి కదా, సముద్రంలో దిగగానే అలవాటుగా దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశారు. "గిన్ని నీళ్ళుండి ఏం ఫాయిద? ఒక్క బిందె పనికిరాదు" అన్నారు. పక్కన చేపలమ్మే ఆమె "తాగడానిక్కాదయ్యా, ఆడుకోడానికి" అని నవ్వింది. ఆ తర్వాత సాయంత్రం దాకా నేనెంత పిలిచినా మీ కొడుకు ఒడ్డుకు రాలేదు.

చిన్నోడు రాకేష్ దగ్గు తగ్గిందా? ఐస్‌క్రీమ్ కొనివ్వకండి. కొత్తగా పెట్టిన మామిడి తొక్కు కొంచెం తీసిపెట్టండి, వచ్చే ఆదివారం తప్పక వస్తాం.

మోకాళ్ళ నొప్పులతో మీరు అంత దూరం రాలేరని, మీ కాళ్ళ మీద పోయడానికి మీ కొడుకు సీసాలో సముద్రం నీళ్ళు పట్టారు. ఇంట్లో చుక్క నీళ్ళు ఒలికినా ఊరుకోని మనిషి, అందుకోసం సీసాలోని మంచినీళ్ళన్నీ ఇసుకలో పారబోశారు.

మీ కోడలు
సంధ్యారాణి