వాగు ఎముకలు

వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇల్లు,
ఏప్రిల్ 9

ప్రియమైన హెంక్,

‘ప్రియమైన’ అన్నది ఉత్తరానికి మర్యాద, నీకు కాదు. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని అలా మధ్యలో తెంచెయ్యలేవు కదా, చివరిదాకా చదువు.

ఆల్డర్ వాగులో నీ పొలానికి పైన మైలున్నర, కింద రెండు మైళ్ళు పని అయిపోయింది. మా తెగ వాళ్ళూ మీ రైతులూ కలిసే చేశారు. వేళ్ళతో సహా పెద్ద పెద్ద దుంగలు దించాం. వాటి వెనక నీళ్ళు నిలిచి, మడుగులు కట్టి, చల్లబడుతున్నాయి. మిగిలింది నీ పచ్చికబీడు పక్కనున్న అరమైలు. అక్కడ వాగు పంటకాలువలా ఒక్క ఉరుకున పోతోంది. కిందటేడు పదకొండు సాల్మన్ చేపలు సముద్రం నుంచి నీ కంచె దాకా ఎదురీదాయి. ఆగడానికి నీడ లేదు, గుడ్లు పెట్టడానికి గులకరాళ్ళు లేవు. అక్కడక్కడే తిరిగి చచ్చిపోయాయి.

నీళ్ళలో యంత్రం దించడానికి ఆగస్టు నెలలో మాత్రమే అనుమతి. దీంతో పంపిన కాగితం మీద జూలై ఆఖరులోగా సంతకం పెట్టు. లేకపోతే పొక్లెయిన్ వేరే ఏటికి వెళ్ళిపోతుంది, మళ్ళీ మన వంతు ఎప్పటికో. నాకు డెబ్బై రెండు. ఆ అరమైలులో చేప గుడ్లు పెట్టడం చూడకుండా నేను పోను. ముందే చెప్తున్నాను.

నీతో చదువుకున్న,
రొవీనా

*

ఏప్రిల్ 30

రొవీనా చార్లీ గారికి,

మీ కాగితం అందింది. సంతకం పెట్టను. వాగులో దుంగ వేస్తే నీళ్ళు నా గడ్డిచేలో ఉంటాయి. వాగు శుభ్రంగా ఉండాలని మా నాన్న పోయేదాకా చెప్పాడు. చేపలు కావాలంటే మొగ దగ్గర మీ వాళ్ళ వలలు తీయించండి. అక్కడ మీరే పట్టేసి, పైకి రావడం లేదని నా ఆవుల మీద పడితే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

కొలతలు తీసే మీ మనవరాలు నన్నడక్కుండా పశువుల కొట్టంలోకి తొంగిచూసింది. వాగుతో పనైతే వాగు దగ్గరే ఉండమనండి. కొట్టం జోలికి ఎవరూ రావద్దు.

కాలువ సంఘం వాళ్ళు దుంగలు వద్దని రైతులందరి చేతా సంతకాలు చేయిస్తున్నారు. నేనూ పెడతానేమో.

ఇట్లు,
హెంక్ డైక్‌స్ట్రా

*

జూలై 8

ప్రియమైన హెంక్ గారూ,

ఎప్పట్నుంచి ఈ ‘గారు’? తొమ్మిదో క్లాసులో నా లెక్కల పుస్తకం చూసి రాసుకున్నప్పుడు లేదే!

వలలంటావా? ఈ వాగు చేపకు మేం వల వేసి తొమ్మిదేళ్ళయింది. మా అంతట మేమే మానుకున్నాం. ఈ మేలో తొలి చేప పండుగకు మా ఏట్లో చేప లేక, ఉత్తరాన చుట్టాల తెగను అడిగి ఒక్కటి తెచ్చుకున్నాం. తలా ఒక ముక్క తిన్నాక వెన్నెముక మొదలుకొని చిన్న ముల్లుదాకా ఏరి, తిరిగి ఏటికే ఇవ్వాలి. ఒక్కటి తగ్గినా చేప మళ్ళీ రాదు. ఆ చేపది వాళ్ళ ఏరు కదా, అందుకని అక్కడే వదలడానికి ఆ పరాయి ఏటి ఎముకలు ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలు బండిలో కూర్చున్నాను. అంత సిగ్గు నా బతుకులో ఎరగను.

తప్పంతా నీదే అనను. మనకు పందొమ్మిదేళ్ళప్పుడు, దుంగలు చేపలకు అడ్డమని పెద్ద చదువుల వాళ్ళు చెబితే కూలికి కుదిరాం. నువ్వు, నేను, మా అన్న విల్బర్. మీ నాన్న ట్రాక్టరుకు గొలుసులు కట్టి వేసవంతా దుంగలు లాగాం, గులకమేట మీద తగలబెట్టాం. చేపలకు మేలు చేస్తున్నామనే పొంగిపోయాం. మా నానమ్మ ఒడ్డున నిలబడి, “అవి వాగుకి ఎముకలే పిల్లా! ఎముకలు లాగేస్తే ఏది నిలబడుద్దే?” అని అరిచింది. “నీకేం తెల్సు, ఊరుకో నానమ్మా” అని నవ్వాను. ఆ నవ్వు ఈనాటికీ చేపముల్లులా గొంతులో ఉంది.

ఇంకొకటి. ఆ వేసవి లాగినవాటిలో నాలుగు పెద్ద దేవదారు దుంగలుండాలి. అవి కాలడం నేను చూడలేదు. వరదకు కొట్టుకుపోయాయన్నాడు మీ నాన్న. మండు వేసవిలో ఏ వరద?

సంఘం కాగితం మీద కావాలంటే సంతకం పెట్టుకో. రేపట్నుంచి నీ కంచె బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాను. రోడ్డు నీ సొత్తు కాదు.

లేవని,
రొవీనా

*

జూలై 27

ప్రియమైన రొవీనా,

కుర్చీ మడిచి ఇంటికెళ్ళు తల్లీ. పద్దెనిమిది రోజులుగా వంటింటి కిటికీలోంచి నిన్ను చూడలేక చస్తున్నాను. వానలో కూడా కదలవేం?

ఆవుల్ని రెండేళ్ళ కిందటే అమ్మేశాను. ఉన్నట్టు రాసింది ఉత్త బింకం. దేవదార్లు వరదకూ పోలేదు. మీరిద్దరూ అన్నానికి వెళ్ళినప్పుడు నాన్న నా చేతే లాగించాడు. కొట్టానికి నాలుగు మూలలా నిలిపాడు. ఆవులు పోయేదాకా యాభై ఒక్కేళ్ళు వాటి కిందే పాలు పితికాను. నీ మనవరాలు తొంగిచూసినప్పుడు దొరికిపోయాననుకున్నాను. విల్బర్‌కు తెలుసు. చనిపోయేముందు ఒకసారి వచ్చి, ఆ వేసవిలో తను కత్తితో పేరు చెక్కిన దుంగ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న సంఘంలో అధ్యక్షుడు కాగితం నా ముందుకు తోసి, “పెట్టవయ్యా సంతకం! లేకపోతే వరదొచ్చిన్నాడు మా పడవ నీ గుమ్మానికి రాదు” అన్నాడు.

“అప్పుడు మాత్రం వచ్చిందా? కిందటి పెద్ద వరదలో మా ఇంటావిడను ఎక్కించుకుంది రొవీనా పడవ. మీది కట్టుకొయ్యకే ఉంది” అన్నాను. కాగితం నిలువునా చింపి వాడి టోపీలో వేసి వచ్చాను.

నీ కాగితం సంతకంతో ఇందులోనే ఉంది. ఇంటి వెనక నువ్వు విన్న సుత్తి చప్పుళ్ళు కొట్టం విప్పుతున్నవి. ఆ దేవదార్లకు వేళ్ళు లేకపోయినా, మిగతా దుంగలు కదలకుండా వాగులో గుంజలుగా దింపొచ్చని నీ మనవరాలు చెప్పింది. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను, పిల్లను తిట్టకు. నాలుగూ గట్టున పడుకోబెట్టాను. ఒక్కటీ తగ్గలేదు. విల్బర్ పేరున్నదాన్ని వాగు వడి ఎక్కువున్న చోట దింపించు.

మీ నానమ్మకు బాకీపడ్డ,
హెంక్

*

నవంబరు 16

ప్రియమైన హెంక్,

ఈసారి ‘ప్రియమైన’ మర్యాదకు రాసింది కాదు.

నువ్వేమో మోకాలికి ఆపరేషను చేయించుకుని కూతురింట్లో పడుకున్నావు. ఇక్కడ విల్బర్ గుంజ వెనక మడుగులో ఒక ఆడ సాల్మన్ మూడు రోజులు తోకతో గులకరాళ్ళు తవ్వింది. తోకంతా తెల్లగా పుండైపోయినా ఆపలేదు. గుడ్లు పెట్టింది. నేను గట్టున కూర్చుని చూశాను, ఏడ్చాను, ఆ మాట ఎవరికైనా చెప్పావో చూడు.

నీ అధ్యక్షుడూ వచ్చాడు. “వసంతంలో ఈ చెత్తంతా పీకించేస్తాం” అన్నాడు. “రా నాయనా, నేనూ ఇక్కడే ఉంటాను” అన్నాను.

ఈ ఉదయం ఆ చేప చచ్చిపోయింది, గుడ్లు పెట్టాక అన్నీ పోయేవే. మడుగు అంచున పడి ఉంది. నేను ముట్టుకోలేదు. దాని ఎముకలు ఎవరి ఒళ్ళోనూ ఎక్కడికీ ప్రయాణం చెయ్యక్కర్లేదు, ఇదే దాని ఏరు.

త్వరగా రా. నీ కుర్చీ నువ్వే తెచ్చుకో, నాది ఇవ్వను.

నీ,
రొవీనా