హార్ష్ బ్రేకింగ్: సున్నా

జూన్ 3

ఒక్క స్టార్ కొట్టింది నువ్వే. ఇంకెవరో కాదు. సోఫాలో కాళ్ళు బారజాపుకుని, పార్సెల్ ఇంకా రాలేదేమిటని ఫోన్‌ని పొడిచింది నీ బొటనవేలే. ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి నీకు మర్యాద ఇవ్వాల్సిన పని నాకు లేదు.

నీ పార్సెల్ తెస్తూ తమ్ముడు మోకాలి మీద తోలు లేపుకొచ్చాడు. ముందు బస్సు ఆగింది, వెనకాల వీడి బండి ఆగలేదు. అది నాన్న నడిపిన బండి. ముందు చక్రానికి డ్రమ్ బ్రేకు. లివర్ హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కినా చక్రం తన మానాన తను పోతుంది. పార్సెల్ కంపెనీ బండి గురించి అడగదు, టైం గురించే అడుగుతుంది. ఇన్నేళ్ళు పత్రికల్లో కార్మికుల గురించి వ్యాసాలు రాసి ఏ యజమానినీ ఆపలేకపోయాను. ఒక్క చక్రాన్ని ఆపలేనా?

జూన్ 5

మెకానిక్ మా మేనత్త కొడుకే. డిస్కు బ్రేకు వేద్దాం బావా అన్నాను. ముందు బ్రేకు పట్టినవాడు పల్టీ కొడతాడు మరదలా, కాలి బ్రేకు చాలు, అన్నిటికీ నీ వ్యాసాల్లా ముందే అడ్డం పడతానంటే ఎలా అన్నాడు. ఆగేటప్పుడు బరువంతా ముందుకే వస్తుంది, ఆపాల్సింది ముందు చక్రాన్నే, ఇది మీ తాత ఎద్దుబండి కాదు అన్నాను. మా తాతా మీ తాతా ఒకడేగా అన్నాడు. మాటకు మాట. నోళ్ళు నొప్పెట్టాక తనే పాత సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళాడు.

నుజ్జయిన కొత్త మోడల్ బండి ఒకటి దొరికింది. దాని ఫోర్కు కాళ్ళు, చక్రం, డిస్కు, దాన్ని కరిచిపట్టే క్యాలిపర్, హ్యాండిల్ మీది ఆయిల్ డబ్బా, అన్నీ విప్పించాం. రిమ్ము మూలల్లో ఎండిన రక్తం. నడిపినవాడు ఏమయ్యాడని అడిగాను. చక్రం మాత్రం వంకర పోలేదమ్మా అన్నాడు కొట్టువాడు.

జూన్ 8

బిగించాం. బ్రేకు ఆయిల్ గొట్టంలో గాలి ఉంటే లివర్ దూదిలా దిగిపోతుంది. బావ లివర్ నొక్కి పట్టుకుంటే నేను కింద గాలి పోయే నిప్పిల్ వదులు చేసి, బుడగలు ఆగేదాకా ఆయిల్ తీశాను. ఒక చుక్క ట్యాంకు మీద పడి, నాన్న తుడిచి తుడిచి కాపాడుకున్న రంగు పొక్కిపోయింది. పోతే పోనీ.

తమ్ముడు వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొస్తూ రెండు వేళ్ళతో పట్టాడు. టైరు నేలను కరిచింది. అక్కా, ఎవరో కాలర్ పట్టుకుని లాగినట్టుందే అని నవ్వాడు. మరదలు గెలిచింది, ఇక నా షెడ్డు కూడా నువ్వే నడుపుకో అన్నాడు బావ.

జూన్ 12

ఎవరో చూడకుండా కారు తలుపు తీశారు. తమ్ముడు బ్రేకు పట్టాడు. బతికాడు. మార్కు పడింది.

జూన్ 17

మార్కంటే ఏమిటో ఇవాళ చెప్పాడు. కంపెనీ యాప్ ఫోన్ కుదుపుని కనిపెడుతుంది. బండి గట్టిగా ఆగితే అది హార్ష్ బ్రేకింగ్. నెలలో ఐదు పడితే ఐడీ కట్. పాత డ్రమ్ముకి అంత చేవ లేదు కాబట్టి వీడు ఇన్నాళ్ళూ బుద్ధిమంతుడు. ఇప్పుడు కారు తలుపుకి ఒకటి, కుక్కకి ఒకటి, రోడ్డుకడ్డంగా పరిగెత్తిన పిల్లకి ఒకటి, రాంగ్ రూటులో వచ్చిన వెధవకి ఒకటి. అంటే ప్రాణం కాపాడిన ప్రతిసారీ నేరం. ఇది రాసిన బుర్ర ఏ కుర్చీలో కూర్చుని రాసింది? ఆ కుర్చీకి చక్రాలున్నాయా, బ్రేకులున్నాయా?

బ్రేకు లూజు చెయ్యక్కా అన్నాడు. చచ్చినా చెయ్యనన్నాను. ఐడీ పోతే నీ వ్యాసాలు వండుకు తిందామా అన్నాడు. చెంప పగలగొట్టాను. వాడు స్పానరు తీసి గోడకేసి కొట్టాడు. పెచ్చు ఊడింది. ఇద్దరం రొప్పుతూ నిలబడ్డాం.

కొట్టాల్సినవాడు అందుబాటులో లేడు. అదీ సంగతి.

జూన్ 24, మధ్యాహ్నం

టిప్పర్ రివర్సులో వచ్చింది. తమ్ముడు దాని కింద.

జూన్ 25

ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఎముక పిండి పిండయింది, అతికించడానికి ఏమీ మిగల్లేదమ్మా అంది డాక్టరు. ఆవిడ మాట్లాడుతుండగానే నా చేతిలో వాడి ఫోన్ మోగింది. సేఫ్ రైడర్! ఈ వారం మీ హార్ష్ బ్రేకింగ్: సున్నా. అభినందనలు.

బావతో కలిసి బండి దగ్గరికి వెళ్ళాను. డిస్కు మీద గీత కూడా పడలేదు. లివర్ వెనకాల మాత్రం ట్యూబు ముక్క మడతపెట్టి హ్యాండిల్‌కి దారంతో కట్టి ఉంది. ఎంత నొక్కినా లివర్ సగం కూడా దిగదు. బ్రేకు మెత్తగా తప్ప పట్టదు. ముడి ముచ్చటగా వేసుకున్నాడు వెధవ.

కట్టింది వాడే. కట్టించిందెవరు?

జూన్ 28, పోలీస్ స్టేషన్

బావ డైరీ తెచ్చిచ్చాడు. రాసుకో మరదలా, ఇక్కడ నీకు ఖాళీయే ఖాళీ అన్నాడు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు.

నిన్న డిస్కు విప్పి, సంచిలో వేసుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. గాజు గోడలు, ప్లాస్టిక్ మొక్క. మీవాడు గట్టిగా బ్రేకే పట్టలేదు మేడం, రికార్డుంది, అజాగ్రత్త కాబట్టి మాకు సంబంధం లేదు అన్నాడు మేనేజరు. మరి లారీ గుద్దిన కుదుపో అన్నాను. అది ఇంపాక్టు మేడం, ఆ కాలమ్ వేరు అన్నాడు.

సంచిలోంచి డిస్కు తీశాను. మొదటి దెబ్బ గాజుకి. రెండోది వాడి మొహానికి. ముక్కు చితికిన చప్పుడు స్పష్టంగా విన్నాను. సెక్యూరిటీవాడు జుట్టు పట్టి ఈడిస్తే వాడి మణికట్టు కొరికాను. నోట్లో ఉప్పగా వాడి రక్తం. బయట పార్సెళ్ళ కోసం నిలబడ్డ రైడర్లు హెల్మెట్లు చేతపట్టుకుని లోపలికొచ్చారు. ఒక్క కంప్యూటరు మిగల్లేదు.

హింస అంటావా? అనుకో. ఇనుము మేనేజరు మొహానికి తగిలితే హింస, రైడరు కాలికి తగిలితే ప్రమాదం. నీ లెక్క ఎప్పుడూ అంతేగా.

జూన్ 29

బ్రేకు పట్టడాన్ని తప్పుగా లెక్కించడం ఆపాలి.

ఇప్పటిదాకా రైడర్లకు పడిన మార్కులన్నీ కొట్టేయాలి.

తమ్ముడి కాలికి కంపెనీ బాధ్యత వహించాలి.

ఆ అభినందనలు పంపినవాడు ఆస్పత్రికొచ్చి, వాడి మంచం పక్కన నిలబడి, పైకి చదవాలి.

నువ్వు కొట్టిన ఒక్క స్టార్ వెనక్కి తీసుకోవాలి.

పోలీసులు లాక్కున్న నా డిస్కు నాకు ఇచ్చేయాలి. బండి ఇంకా ఉంది.