కూర్చోవడం రాని బొమ్మ

బాబాయ్,

కోప్పడకు, నీ బస్సు సీటు కింద దాచిన హెర్నియా బెల్టు నేను చూశాను. అది మా షెడ్డులో కుట్టిందే! కూర్చుంటే ఉబ్బుని నొక్కిపట్టే మెత్త జారిపోతోందనే కదా, దాన్ని విప్పేసి నొప్పి దిగమింగుకుంటూ బస్సు నడుపుతున్నావు? తప్పు నీది కాదు, మాది.

మా దగ్గర ప్రతి బెల్టునూ ఒక చెక్కబొమ్మకి కట్టి చూస్తారు. ఆ బొమ్మ పుట్టినప్పటి నుంచీ నిలబడే ఉంది. కూర్చోదు, వంగదు, తుమ్మదు.

"బొమ్మకి సరిపోయింది, మనిషికేం రోగం?" అన్నాడు మేస్త్రీ, మెత్త జారుతోందని నేను చెబితే.

"రోగముందనే కదయ్యా బెల్టు కొంటున్నాడు!" అని అరిచాను. షెడ్డంతా నవ్వింది. ఆయన మొహం మాడిపోయింది.

ఆ కసితో నేనే బెల్టు కట్టుకుని వారమంతా మిషను ముందు కూర్చున్నాను. అప్పుడు దొరికింది బాబాయ్! కూర్చోగానే తొడ వచ్చి మెత్త కింది అంచుని పైకి తోసేస్తోంది. ఆ అంచుని వాలుగా కోసి, తొడ చుట్టూ ఒక పట్టీ వేశాను. ఇక దగ్గినా, గెంతినా కదిలితే ఒట్టు! మేస్త్రీ కూడా కట్టుకుని, కూర్చుని లేచి, "నీ నోరు కూడా ఇలా కదలకుండా ఉంటే ఎంత బాగుండేదిరా" అన్నాడు.

నీకొకటి కుడుతున్నాను. ఇది మందు కాదు, ఆపరేషన్ అయ్యేదాకా ఆసరా మాత్రమే. పడుకుని, ఉబ్బు లోపలికి పోయాకే కట్టుకో. పోకపోయినా, నొప్పి పెరిగినా బెల్టు జోలికి పోకుండా ఆసుపత్రికి పరుగెత్తు.

పాత బెల్టుకి రెండువైపులా మెత్తలున్నాయి, దాన్ని చూసి ఏ వైపో చెప్పలేను. నీ ఉబ్బు ఎడమవైపా, కుడివైపా? సిగ్గుపడకుండా రాయి. రాయలేదో, పిన్నినే అడుగుతాను. ఆవిడకి నువ్వింకా చెప్పలేదని నాకు తెలుసు.

నీ అన్న కొడుకు