బీడని రాసిన చేను

మంగళవారం

బొల్లాపల్లి అవతల కోటమ్మకు సర్కారు సాగు కోసం ఇచ్చిన పట్టా భూమి కొలవడానికి వెళ్లాను. కంది విరగకాసింది. "నేనే సేద్యం చేస్తన్నానని రాయి సర్వేయరు బాబూ" అంటూ నా సంచిలో పచ్చి కందికాయలు పోసింది.

ఆఫీసుకొస్తే తహసీల్దారు, "బీడని రాయి, పైనుంచి ఫోనొచ్చింది" అన్నారు. అలా రాస్తే ఆమె పట్టా రద్దవుతుంది. ఆ మాట కాగితం మీద ఇమ్మని అడిగాను. "నా నోటిమాట చాలదా ఏంది? సస్పెండ్ చేయమంటావా?" సంతకం పెట్టేశాను.

పొద్దుగూకాక మసీదులో మగ్రిబ్ నమాజయ్యాక, పైవాళ్లు తప్పు రాయమంటే ఏం చెయ్యాలని ఇమామ్ గారిని అడిగాను. "పాపం చెయ్యమంటే పై అధికారి మాటైనా వినకూడదు బేటా" అన్నారు. అప్పటికే విన్నానని ఆయనకు చెప్పలేదు.

సర్వీసు రూల్సూ అదే అంటాయి. ఇక దేని చాటున దాక్కోను...

"ఎవరి చేనివండీ ఈ కాయలు?" వంటింట్లోంచి షాహీన్ అడుగుతోంది. నేను సంతకం పెట్టిన కాగితంలో ఆ చేను ఏమీ కాయలేదు.